చలిజ్వరము: ఒక నల్లని రేణువు చరిత్ర

జ్వరము నెఱుగని యిల్లు తెలుగు దేశమున లేదు. ఒకనాడు ఎముకలు కదలునట్లు వణకించి, మఱునాడు ఏమియు నెఱుగనట్లు విడిచిపోయి, మూడవనాడు మఱల ఆ వేళకే వచ్చి కూర్చుండెడి చలిజ్వరమును మన పెద్దలు చక్కగా గుర్తించిరి. ఆయుర్వేద గ్రంథములు ఇట్టివానిని విషమజ్వరములని పిలిచి, దినదినము వచ్చుదానిని అన్యేద్యుష్కమనియు, దినము విడిచి దినము వచ్చుదానిని తృతీయకమనియు, రెండు దినములు విడిచి వచ్చుదానిని చాతుర్థికమనియు విభజించినవి. పలుమాఱులు జ్వరపడిన పిల్లవాని కడుపులో ఎడమవైపున గట్టిపడి పెరిగిన ప్లీహమును మన యిల్లాండ్రు "బల్ల" యనిరి. కొండలలో నివసించి వచ్చినవానికి జ్వరము తగిలినచో "ఆ యూరి నీళ్లు పడలేదు" అని నిట్టూర్చిరి. మన్యములో నుద్యోగమనగా వెఱచి, బంధువులు కన్నీరు పెట్టుకొన్న కాలము మఱీ దూరమైనది కాదు.

ఇంత నేర్పుతో రోగము నడకను కనిపెట్టినవారికి దాని మూలము తెలిసినదా? లేదు. జ్వరము వచ్చు వేళ నెఱుగుట వేఱు, వచ్చుటకు గల కారణము నెఱుగుట వేఱు. మన గ్రంథములలో సర్వమును ముందే యున్నదని తృప్తిపడుట మాకు సమ్మతము కాదు. మన పూర్వులకు చూపు లేకుండెనని తలచుటయు సమ్మతము కాదు. వారు కంటితో జూడదగిన దానినంతయు జూచిరి. కంటికి గానరాని దానిని జూచుటకు సాధనము కావలసియుండెను. ఐరోపావారును ఆ సాధనము చేతికి వచ్చువఱకు మనకంటె మెఱుగుగా లేరు. "మలేరియా" యను మాటకు ఇటలీ భాషలో చెడుగాలి యని యర్థము. మనము నీటిని దూషించితిమి. వారు గాలిని దూషించిరి.

ఈ వ్యాసములో మేము చెప్పదలచిన సంగతి యొక్కటే. రోగక్రిమి శత్రువనియు, శరీరము కోటయనియు, శత్రువు చొరబడుటయే రోగమనియు మనము సాధారణముగా ననుకొందుము. అది సగము మాట మాత్రమే. రోగము క్రిమిలోను లేదు, శరీరములోను లేదు. ఆ రెండింటికి నడుమ జరుగు వ్యవహారములో నున్నది. ఆ వ్యవహారము తెలిసిననే గాని, ఒకే జ్వరము ఒకనిని చంపి, మఱియొకనిని వారము దినములు బాధించి విడిచి, వేఱొకనిని తాకియు తాకనట్లుండుట యేలనో తెలియదు. చలిజ్వరము చరిత్రను మించి దీనిని బోధించునది మఱియొకటి లేదు. ఆ చరిత్రలో నొక ప్రధాన ఘట్టము మన సికింద్రాబాదులోనే జరిగెను.

కథ ఒక నల్లని రేణువుతో మొదలగుచున్నది. 1847లో హైన్రిఖ్ మెకెల్ అను జర్మను వైద్యుడు, మరణించిన యొక రోగి రక్తములోను ప్లీహములోను నల్లని చిన్న రేణువులను జూచెను. అవి యేమో యాతనికి దెలియలేదు. జ్వరముతో మరణించినవారి దేహములలో ఇట్టి రేణువులు తఱచుగా నుండునని తరువాతి వైద్యులు కనుగొనిరి. అవి శవములో నున్న మసి వంటివి. నిప్పు ఎక్కడ మండెనో యెవరును జూడలేదు. 1880 నవంబరు 6వ తేదీన అల్జీరియాలోని కాన్‌స్టాంటైన్ పట్టణపు సైనిక వైద్యశాలలో అల్ఫోన్స్ లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు బ్రతికియున్న జ్వరరోగి రక్తమును సూక్ష్మదర్శినిలో బరిశీలించుచుండగా, ఆ నల్లని రేణువులను మోయుచున్న యొక గుండ్రని దేహము నుండి సన్నని పోగులు వెలువడి కొరడాలవలె కదలాడుట జూచెను. మసి కాదు, ప్రాణి! జ్వరపీడితుని రక్తములో వేఱొక జీవి కాపురముండెను.

1886లో ఇటలీలో కామిల్లో గోల్గి యను శాస్త్రజ్ఞుడు మఱియొక ముడి విప్పెను. ఈ ప్రాణి రక్తములోని యెఱ్ఱని కణములలో దూఱి పెరిగి, అనేకములుగా విభాగమై, కణమును పగులగొట్టుకొని వెలువడును. లక్షలకొలది కణము లొక్కసారిగా పగులు వేళయే రోగికి చలి పుట్టు వేళ. ఒక జాతి ప్రాణికి పెరుగుటకు 48 గంటలు పట్టును, మఱియొక జాతికి 72 గంటలు పట్టును. మన వైద్యులు వేలయేండ్ల క్రిందట లెక్కించిన తృతీయక చాతుర్థికములకు గల కారణ మిట్లు తెలిసెను. లెక్క మనది; కారణము వారు జెప్పినది. జ్ఞానమునకు గ్రామకరణము లేదు, ఎల్లలును లేవు.

అయినను ఆ ప్రాణి మనుష్యుని రక్తములోనికి ఎట్లు వచ్చెను? బోదకాలు కలిగించు పురుగులు దోమ దేహములో పెరుగునని 1877లో చీనాదేశమున కనుగొన్న పాట్రిక్ మాన్సన్, చలిజ్వరపు ప్రాణియు దోమలో నుండవచ్చునని 1894లో ఊహించెను. ఆ యూహను చేతబట్టుకొని బయలుదేరినవాడు రోనాల్డ్ రాస్. ఇతడు 1857లో అల్మోరాలో జన్మించి, 1881లో ఇండియా వైద్యశాఖలో జేరిన సైనిక వైద్యుడు. 1895లో సికింద్రాబాదునకు వచ్చి, దోమలను బట్టి కోసి చూచుట మొదలిడెను. ఆరంభమున గురుశిష్యు లిరువురును ఒక పొరపాటు పడిరి. రోగిని కఱచిన దోమ నీటిలో బడి చచ్చుననియు, ఆ నీటిని త్రాగినవానికి జ్వరము వచ్చుననియు వారు తలచిరి. "నీళ్లు పడలేదు" అన్న మన ముత్తవ్వల మాటకు వారి సిద్ధాంతమునకు ఎంతయో దూరము లేదు! దోమలు చచ్చిన నీటిని కొందఱికి ద్రావించి చూచినను, నమ్మదగిన ఫలము దొరకలేదు. రాస్ రెండేండ్లు బూడిదరంగు దోమలను, చారల దోమలను కోసి కోసి అలసిపోయెను. వెదకవలసిన దోమలు అవి కావని యాతనికి తెలియదు.

1897 ఆగస్టులో ఆతని సేవకులు తెచ్చిన పిల్లపురుగుల నుండి ఱెక్కలమీద మచ్చలు గల గోధుమవన్నె దోమలు కొన్ని పుట్టెను. ఆగస్టు 16వ తేదీన వానిని హుసేన్ ఖాన్ అను జ్వరరోగిని కఱవనిచ్చిరి. దోమకాటు ఒక్కింటికి ఒక అణా చొప్పున ఆతనికి కూలి ముట్టెను. ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో, ఎండకు ఉడికిపోవుచు, పంకా వీచినచో దోమలు ఎగిరిపోవునను భయమున గాలియు లేక, రాస్ మిగిలియున్న దోమలలో నొకదానిని గోసి కడుపు గోడను బరీక్షించెను. అందు గుండ్రని కణములు కనబడెను. వానిలో ఏమున్నవి? ఆ నల్లని రేణువులే! మనుష్యుని రక్తములో లావెరాన్ జూచిన గుఱుతు దోమ కడుపులోనికి వచ్చి చేరియున్నది. మఱునాడు కోసిన దోమలో ఆ కణములు మఱింత పెద్దవై యుండెను. అనగా అవి పెరుగుచున్నవి.

తరువాత ఆతనిని అక్కడ నుండి బదిలీ చేసిరి. 1898లో కలకత్తాలో మహమ్మద్ బక్స్ అను సహాయకునితో గూడి, పిచ్చుకలకు వచ్చు ఇట్టి వ్యాధిని పరిశోధించి, ఆ ప్రాణి దోమ కడుపు నుండి దాని లాలాజల గ్రంథులకు జేరి, కాటుతో నింకొక పక్షిలో బ్రవేశించునని రాస్ రుజువు చేసెను. ఆ సంవత్సరమే ఇటలీలో గ్రస్సీ మొదలగువారు మనుష్యుల జ్వరము అనాఫిలీస్ జాతి దోమవలన వచ్చునని స్థాపించిరి. 1902లో రాస్‌కు, 1907లో లావెరాన్‌కు నోబెల్ బహుమానములు లభించెను. హుసేన్ ఖాన్‌కు లభించినవి కొన్ని యణాలు. ఆతని జ్వరము తగ్గెనో లేదో, ఎట్లు జీవించెనో చరిత్రకారులు వ్రాయలేదు. ఆతని పేరైనను మిగిలినది. పిల్లపురుగులను తెచ్చి యిచ్చిన చేతుల పేర్లు అదియును మిగులలేదు.

ఇక ఆ నల్లని రేణువు ఏమో చెప్పవలసియున్నది. దోమ కఱచినపుడు పదులకొలది సూక్ష్మప్రాణులు మన చర్మములో దిగి, రక్తములో బ్రవేశించి, స్వల్పకాలములోనే కాలేయమును జేరును. అక్కడ ఒక్కొక్కటి ఒక్కొక్క కణములో దాగి, వారము దినములలో వేలకొలదిగా వృద్ధి పొందును. ఇంతవఱకు రోగికి తలనొప్పియైన నుండదు. 1948లో షార్ట్, గార్న్‌హామ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు వెల్లడించువఱకు ఈ కాలేయ నివాసము ఎవరికిని దెలియదు. తరువాత నవి రక్తమున బడి యెఱ్ఱకణములను జొచ్చును. ఎఱ్ఱకణములోని హీమోగ్లోబిన్ వాని యాహారము. కాని యీ యాహారములో ఇనుము కలిసిన విషపదార్థ మొకటి మిగులును. అది ఆ ప్రాణికే ప్రాణాంతకము. దానిని ఏమి చేయవలయును? వంట ముగిసిన యిల్లాలు బూడిద నొకమూల కుప్పచేసినట్లు, ఆ ప్రాణి విషమును గట్టి పలుకులుగా పేర్చి తనకు హాని లేకుండ జేసికొనును. ఆ పలుకులే మెకెల్, లావెరాన్, రాస్ జూచిన నల్లని రేణువులు. మన రక్తమును వండుకొని తిన్నవాని పొయ్యి బూడిద యది! క్లోరోక్విన్ అను మందు పనిచేయుట ఎట్లన, ఆ బూడిదను కుప్పకానీయక, ప్రాణి తన విషముచే తానే చచ్చునట్లు చేయుట. శత్రువు వంటయిల్లు తెలిసిననే గాని మందు పని తెలియదు.

శరీరము ఊరక కూర్చుండునా? కూర్చుండదు. జ్వరతాపము క్రిమి పెట్టిన మంట కాదు. కణములు పగిలినపుడు వెలువడు పదార్థములను జూచి మన రక్షకకణములే రేపిన మంట. ఆ వేడి క్రిమి పెరుగుదలకు కొంత అడ్డు తగులును. మితిమీఱినచో రోగినే దహించును. ప్లీహము రక్తమునకు జల్లెడ వంటిది. రోగగ్రస్తమైన యెఱ్ఱకణము మెత్తదనము గోల్పోయి బిఱుసెక్కును గనుక, జల్లెడ రంధ్రములలో దూఱలేక పట్టువడును. ఈ పని పగలు రాత్రి చేసి చేసి ప్లీహము పెరిగిపోవును. మన "బల్ల" రోగము కాదు; రోగముతో పోరాడి అలసిన యవయవము.

ఈ జల్లెడను తప్పించుకొనుటకు, అన్నిటిలో క్రూరమైన ఫాల్సిపారం జాతి యొక ఉపాయము పన్నినది. అది తానున్న కణము పైభాగమున అంటుడుగుణము గల కొక్కెములను మొలిపించి, సన్నని రక్తనాళముల గోడలను బట్టుకొని వ్రేలాడును. ప్లీహము దారికే పోదు. మెదడులోని నాళములలో నట్లు క్రిక్కిఱిసినపుడు రోగి స్మృతి దప్పును. ఆ కొక్కెములను శరీరము గుర్తుపట్టి ఆయుధము సిద్ధపఱచునంతలో, క్రిమి మఱియొక విధమైన కొక్కెమును దాల్చును. ఇట్టి మాఱువేషములు దానికడ దాదాపు 60 ఉన్నవని 1995 తరువాత తెలియవచ్చెను. పగటివేషగాడు నేడు శక్తివేషముతో, ఱేపు ఫకీరు వేషముతో అదే వాకిటికి వచ్చినట్లున్నది. కావుననే ఈ జ్వరము ఒకసారి వచ్చిన మశూచివలె జన్మమంతయు కాపాడు రక్షణ నీయదు. ఏటేట జ్వరపడి, వేషములను ఒక్కొక్కటిగా నేర్చిన పెద్దవానికి కొంత యోర్పు కలుగును. ఏమియు నేర్వని పసివాడు బలియగును. నేర్చినవాడును ఊరు విడిచి కొన్నేండ్లు దూరముగా నున్నచో ఆ యోర్పు సన్నగిల్లును.

ఇచట మన గృహములకు మిక్కిలి యవసరమైన సంగతి యొకటి గలదు. జ్వరములకు అలవాటుపడిన సీమలో, ఆరోగ్యముగా నున్న యువతి తొలిచూలు గర్భవతి యైనపుడు తీవ్రముగా రోగపడుట, బిడ్డ తక్కువ బరువుతో పుట్టుట, గర్భము పోవుట అనాదిగా కనబడుచున్నది. అత్తవారు ఆమె జాతకమును దూషించిరి, పాదము మంచిది కాదనిరి, దృష్టి తగిలెననిరి. కారణము 1996లో బయల్పడినది. గర్భమున మాయ యనెడి క్రొత్త యవయవము పుట్టును గదా! క్రిమి వేషములలో నొకటి ఆ మాయకు మాత్రమే అంటుకొనునట్టిది. గర్భము లేని దేహమున దానికి తావు లేదు. కనుక ఆ దేహము దాని నెన్నడును ఎఱుగదు. తొలిచూలులో నది మొదటిసారి ఎదురగును. రెండవ మూడవ కాన్పులకు దేహము దానిని గుర్తించి కొంత నిలువరించును. జ్వరములు అరుదైన సీమలలోనైతే ఏ కాన్పునకు ఆ కాన్పే అపాయకరము. ఇందులో ఆ పిల్ల పాదమునకు గల నేరమేమి? ఆమెకు కావలసినది దిష్టి తీయుట కాదు; దోమతెర, రక్తపరీక్ష, సకాలమున మందు. దోమతెర యొక్కటే యున్న యింట అది యజమానుని మంచమునకు గాక గర్భవతి మంచమునకు కట్టబడవలెనని మా మనవి. ఎన్ని యిండ్లలో అట్లు జరుగుచున్నదో చదువరులే యోచింతురు గాక.

ఈ పోరాటము ఒక్క జన్మతో ముగియునది కాదు; తరతరముల రక్తములో తన గుఱుతు విడిచినది. ఎఱ్ఱకణమును కొడవలి యాకారమునకు వంచు రక్తదోషము ఆఫ్రికాలోని జ్వరసీమలలో మెండుగా నుండుటకు కారణమును 1954లో ఆంథొనీ ఆలిసన్ నిరూపించెను. ఆ దోషమును తల్లి నుండియు తండ్రి నుండియు పొందిన బిడ్డ తీవ్రముగా బాధపడును. ఒక్కరి నుండి మాత్రమే పొందినవాడు సాధారణముగా సుఖముగా నుండుటయే గాక, ప్రాణాంతకమైన చలిజ్వరము నుండి చాలవఱకు తప్పించుకొనును. రక్తదోషములు ఇట్లు చలిజ్వరమునకు కవచము కావచ్చునని 1949లోనే సూచించినవారిలో జె. బి. ఎస్. హాల్డేన్ ముఖ్యుడు. ఆతడు 1957లో మన దేశమునకు వచ్చి, భారత పౌరుడై, 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. ఈ కొడవలి దోషము మన దేశపు గిరిజనులలో నున్నదని 1952లో నీలగిరులలో మొదట గుర్తించిరి. మన మన్యసీమల గూడెములలోను ఉన్నది. శాపమని, పూర్వజన్మ పాపమని యెవరైన జెప్పినచో నమ్మవలదు. అది పూర్వులు జ్వరముతో చేసిన యుద్ధములో చెల్లించిన వెల. పెండ్లికి ముందు వధూవరుల రక్తపరీక్ష చేయించుట ఆ వెలను బిడ్డలు మఱల చెల్లింపకుండుటకు మార్గము.

మనుష్యుడు తెలివితో చేసిన యుద్ధము సంగతి ఏమి? స్వాతంత్ర్యము వచ్చిన కాలమున మన దేశములో ఏటేట సుమారు 7 కోట్ల 50 లక్షల మంది ఈ జ్వరముపాలై, 8 లక్షల మంది మరణించుచుండిరని యంచనా. 1953లో ప్రభుత్వము జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమమును బ్రారంభించి, ఇంటింట గోడలకు డి.డి.టి. చల్లించెను. 1961 నాటికి కేసులు సుమారు 50 వేలకు దిగెను. గెలిచితిమని తలచి పట్టు సడలించితిమి. దోమలు మందునకు అలవాటుపడెను. 1973లో అస్సాములో క్లోరోక్విన్‌కు లొంగని క్రిమి కనబడెను. 1976లో కేసులు 64 లక్షలు దాటెను. మందునకు చావని యొక్కటి మిగిలినను, దాని సంతానమంతయు మందునకు చావనిదే యగును. సగము మోతాదు మందు శత్రువునకు మనమిచ్చు శిక్షణ.

ఇంకొక దాగుడుమూతయు గలదు. మన దేశమున విస్తారముగా నున్న వైవాక్స్ జాతి ప్రాణులు కొన్ని కాలేయములో నిద్రించి, వారములకో నెలలకో మేల్కొని మఱల జ్వరము దెచ్చును. ఈ నిద్రాణరూపము 1980 తరువాతనే స్పష్టముగా కంటబడినది. చలి తగ్గిన మూడవనాడే మందు మానుట మన యిండ్లలో ఆచారము. రక్తములోని క్రిములను చంపు మందు వేఱు, కాలేయమున నిద్రించువానిని చంపు మందు వేఱు. రెండవదానిని కొందఱి రక్తతత్త్వము సహింపదు, గర్భవతులకు ఈయరాదు. కనుక వైద్యుడు పరీక్షించి యిచ్చినదానిని, ఆయన చెప్పిన 14 దినములును పూర్తిగా వాడవలయును. "మొన్న తగ్గిన జ్వరము మఱల వచ్చెను, మందు పనిచేయలేదు" అనువారిలో ననేకులు మందుకు పని చేయుటకు గడువీయనివారే.

చివర మాట. క్రిమిని ఒంట మోయుచు, చలియు జ్వరమును లేక తిరుగువారు జ్వరసీమలలో ననేకులు. వారి రక్తము గ్రోలిన దోమకు పెద్దవీథి యేదో, పల్లె యేదో తెలియదు. కొన్ని తరములుగా మనము వాడలను దూరముగా నుంచి, అక్కడి మురుగుతోను రోగముతోను మనకు బని లేదని యుంటిమి. ఊరి చివర కూలివానికి వైద్యము చేయకుండ మేడలోని బిడ్డను కాపాడుట కుదరదని ఈ చిన్న క్రిమి మనకు వంద యేండ్లకు పైగా బోధించుచున్నది. మేడమీది నీళ్లతొట్టికి మూత లేనిచో, పట్టణపు అనాఫిలీస్ అక్కడనే పిల్లలను బెట్టును. అపుడు పల్లెను నిందించుటకు వీలుండదు.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జ్వరమునకు మొదటి టీకాను, 2023లో రెండవదానిని బిడ్డలకు సిఫారసు చేసినది. ఆ రెండవది మన పూనానగరమున తయారగుచున్నది. ఇవి సంతోషవార్తలే. కాని అఱువది వేషములు గల క్రిమికి ఏ యొక్క యాయుధమును చాలదు. హుసేన్ ఖాన్ తన చేయి చాచి దోమలను కఱవనిచ్చి, మనకు దారి చూపినాడు. ఆతని ఋణము కొన్ని యణాలతో తీరలేదు. మన వీథిలోను, దాని చివర వాడలోను ఒక్క జ్వరరోగియైన మందు లేక మిగులకుండ చూచుకొన్ననాడు తీరును.